డెంగీ సీరోటైపింగ్: ఎన్‌ఎస్1 పాజిటివ్‌లలో సగానికి టైపు రావట్లేదు, కొన్నిటికి రెండేసి వస్తున్నాయి

ప్రశ్న: మైక్రోబెంచ్

అందరికీ నమస్కారం. మాది జిల్లా స్థాయి బోధనాసుపత్రిలోని మైక్రోబయాలజీ ల్యాబ్. ఈ సీజన్‌లో ఎన్‌ఎస్1 (డెంగీ వైరస్ ప్రొటీన్) ఎలైజా పాజిటివ్ వచ్చిన 46 శాంపిళ్లకు టైపింగ్, అంటే డెంగీ వైరస్ నాలుగు టైపుల్లో (డెన్‌వీ-1 నుంచి 4) ఏదో తేల్చడం, మొదలుపెట్టాం. వివరాలన్నీ ఇస్తున్నాను. తప్పు ఎక్కడుందో చెప్పగలరు.

ఎలైజా అయ్యాక మిగిలిన శాంపిల్‌ను అదే ట్యూబులో మైనస్ 20లో పెట్టాం. రెండు వారాలకు బయటికి తీసి కాలమ్ కిట్‌తో 140 మైక్రోలీటర్ల నుంచి ఆర్‌ఎన్‌ఏ తీశాం, 60 మైక్రోలీటర్లలో ఎల్యూట్ చేశాం. పీసీఆర్‌కు అమెరికా సీడీసీ వాళ్ల నాలుగు టైపుల మల్టీప్లెక్స్ (అన్నీ ఒకే ట్యూబులో) ప్రైమర్లు, ప్రోబ్‌లు తెప్పించాం; ప్రోబ్‌ల రంగులు: డెన్‌వీ-1కు ఫామ్, 2కు హెక్స్, 3కు టెక్సస్ రెడ్, 4కు సై5. 25 మైక్రోలీటర్ల రియాక్షన్‌లో 5 మైక్రోలీటర్ల ఆర్‌ఎన్‌ఏ. 50 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు, 95 దగ్గర 2 నిమిషాలు, ఆ తర్వాత 95 దగ్గర 15 సెకన్లు, 60 దగ్గర 1 నిమిషం చొప్పున 45 సైకిళ్లు. రియల్-టైమ్ పీసీఆర్ మెషీన్ 7500 మోడల్. మాస్టర్ మిక్స్ మాత్రం ల్యాబ్‌లో అప్పటికే ఉన్న వేరే వన్-స్టెప్ మిక్స్.

46లో 21కి టైపు వచ్చింది, 25కి ఏమీ రాలేదు. ఆర్‌నేస్-పీ (మనిషి జన్యువును చూసే కంట్రోల్) మాత్రం అన్నిట్లోనూ చక్కగా వచ్చింది. ఆ 21లో ఆరింటికి రెండేసి టైపులు. నాలుగింట్లో డెన్‌వీ-1 సీటీ (గీత థ్రెషోల్డ్ దాటే సైకిల్ నంబరు) 17 నుంచి 20 మధ్య ఉండి, వెనకాల డెన్‌వీ-2 కూడా కనిపిస్తోంది. మిగతా రెండింట్లో డెన్‌వీ-2తో పాటు డెన్‌వీ-4 సీటీ 36 దాటాక వస్తోంది. డెన్‌వీ-3 పాజిటివ్ కంట్రోల్ లేస్తోంది గానీ బాగా కిందే ఆగిపోతోంది, పైగా ఆ వెల్‌లో మిగతా ఛానెళ్ల గీతలు కిందికి జారుతున్నాయి.

టైపు రాని వాటికి పాత పద్ధతిలో నెస్టెడ్ (రెండు రౌండ్ల) పీసీఆర్ కూడా చేశాం. 1.5 శాతం జెల్ మీద కొన్నిటికి 500 బేస్ పెయిర్ల దగ్గర, కొన్నిటికి 100 దగ్గర పలచటి బ్యాండ్లు పడ్డాయి. వాటిని డెన్‌వీ-1, డెన్‌వీ-2 అని రాయవచ్చా?

ఇంకొకటి. డెన్‌వీ-4 ఎలాగూ అరుదు కదా, ఆ ప్రోబ్ మానేస్తే ఖర్చు తగ్గుతుందని ఒక ఆలోచన ఉంది. సరైనదేనా?

జవాబు: సీరమ్ ర్యాక్

ఆ 25 సంగతి ముందు చూద్దాం. పీసీఆర్ మీద అనుమానపడే ముందు ఒక పని చేయండి. 46 శాంపిళ్లకూ జ్వరం మొదలైన తేదీ, రక్తం తీసిన తేదీ పక్కపక్కన రాసుకోండి. "5వ రోజు" అని రాసి ఉన్న రిక్విజిషన్ ఫారాన్ని నమ్మవద్దు. జ్వరం వచ్చిన రోజును ఒకరు సున్నాగా, ఇంకొకరు ఒకటిగా లెక్కపెడతారు, మూడోవారు ఆసుపత్రిలో చేరిన రోజు నుంచి మొదలుపెడతారు. తేదీలు ఉంటే ఈ గందరగోళం ఉండదు.

ఇదెందుకంటే, ఎన్‌ఎస్1 పాజిటివ్ వచ్చినంత మాత్రాన రక్తంలో ఇంకా వైరస్ ఉందని కాదు. వైరస్ ఆర్‌ఎన్‌ఏ బాగా దొరికేది మొదటి 5 రోజులు. ఆ తర్వాత ఐజీఎం యాంటీబాడీ లేస్తుంది, వైరస్ మాయమవుతుంది. ఎన్‌ఎస్1 ప్రొటీన్ మాత్రం 8, 9 రోజుల దాకా రక్తంలో తిరుగుతూ ఉండవచ్చు. కాబట్టి 7వ రోజు శాంపిల్‌లో ఎన్‌ఎస్1 పాజిటివ్, పీసీఆర్ నెగెటివ్ వస్తే అది ల్యాబ్ తప్పు కాదు, రోగం నడిచే తీరే అది. రెండోసారి డెంగీ వచ్చినవాళ్లలో వైరస్ ఇంకా తొందరగా తగ్గుతుంది. మన దగ్గర పెద్దవాళ్లలో చాలామందికి అది రెండోసారే అయి ఉంటుంది.

తర్వాత మీ మైనస్ 20. అది ఫ్రాస్ట్-ఫ్రీ రకమా, మామూలు డీప్ ఫ్రీజరా? ఫ్రాస్ట్-ఫ్రీ అయితే ఐస్ పేరుకోకుండా తనంతట తానే అప్పుడప్పుడు వేడెక్కుతుంది. గోడకు దగ్గరున్న ట్యూబుల అంచులు ప్రతిసారీ కరిగి మళ్లీ గడ్డకడతాయి. రెండు వారాల్లో ఎన్నిసార్లో ఊహించుకోండి. ఎన్‌ఎస్1 ప్రొటీన్ దాన్ని తట్టుకుంటుంది, ఆర్‌ఎన్‌ఏ తట్టుకోదు. సీరమ్‌ను 24 గంటల్లోపు ఎక్స్‌ట్రాక్ట్ చేస్తే 2–8 డిగ్రీలు చాలు. అంతకంటే ఆలస్యమైతే మైనస్ 70 లేదా 80కి పోవాలి. ఆ సౌకర్యం లేకపోతే అందిన రోజే ఆర్‌ఎన్‌ఏ తీసేయండి.

"ఆర్‌నేస్-పీ అన్నిట్లో వచ్చింది కదా" అన్నారు. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఆర్‌నేస్-పీ ప్రైమర్లు మనిషి డీఎన్‌ఏను కూడా పట్టుకుంటాయి. సీరమ్‌లో కణాల నుంచి బయటపడ్డ డీఎన్‌ఏ ఎంతో కొంత ఉంటుంది, అది ఆర్‌ఎన్‌ఏ కంటే చాలా గట్టిది. ఆర్‌ఎన్‌ఏ అంతా పాడైపోయిన శాంపిల్‌లో కూడా ఆర్‌నేస్-పీ చక్కగా లేస్తుంది. అది చెప్పేది మనిషి శాంపిల్ పడింది, కాలమ్ పనిచేసింది, పీసీఆర్ నడిచింది అని మాత్రమే. ఆర్‌ఎన్‌ఏ వైపు కూడా చూడాలంటే ఎంఎస్2 ఫేజ్ (బ్యాక్టీరియాకు సోకే వైరస్) లాంటి ఆర్‌ఎన్‌ఏ కంట్రోల్‌ను ప్రతి శాంపిల్‌కూ కలపండి. నేరుగా సీరమ్‌లో వేయవద్దు. లైసిస్ బఫర్ పోసి కలిపాక వేయండి, లేకపోతే సీరమ్‌లోని ఆర్‌నేస్‌లు దాని పని పడతాయి. అది కూడా ఎక్స్‌ట్రాక్షన్, రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్ సరిగ్గా జరిగాయా అన్నదే చెబుతుంది. ట్యూబు మీ గదికి రాకముందు ఏం జరిగిందో ఏ కంట్రోలూ చెప్పదు. అందుకే తేదీలు, ఫ్రీజర్, ట్యూబు గురించి ఇంతగా అడుగుతున్నాను.

ట్యూబు మూత రంగు కూడా చూడండి. ఎరుపు లేదా పసుపు మూత సీరమ్ మంచిది, ఊదా మూత ఈడీటీఏ ప్లాస్మా కూడా ఫరవాలేదు. ఆకుపచ్చ మూత, అంటే హెపారిన్, పనికిరాదు. హెపారిన్ కాలమ్‌ను దాటుకుని వచ్చి పీసీఆర్‌ను ఆపేస్తుంది. హీమోలైజ్ అయి ఎర్రగా మారిన సీరమ్ కూడా అలాగే ఇబ్బంది పెడుతుంది. అడ్డంకి ఉందేమో తేల్చుకోవడం తేలిక. అదే ఆర్‌ఎన్‌ఏను నీటితో ఒకటికి పది పలచన చేసి మళ్లీ నడపండి. మామూలుగా అయితే సీటీ 3.3 దాకా వెనక్కి పోవాలి. అలా కాకుండా ముందు రాని కర్వ్ పలచన చేశాక లేచిందంటే లోపల అడ్డుపడేది ఏదో ఉంది.

ఎక్స్‌ట్రాక్షన్‌లో చూడాల్సినవి: 560 మైక్రోలీటర్ల ఏవీఎల్ (లైసిస్) బఫర్‌లో 5.6 మైక్రోగ్రాముల క్యారియర్ ఆర్‌ఎన్‌ఏ తప్పనిసరి. వైరస్ తక్కువగా ఉన్న శాంపిల్‌లో అది లేకపోతే ఉన్న కాస్త ఆర్‌ఎన్‌ఏ కూడా కాలమ్‌కు పట్టదు. క్యారియర్ కలిపిన ఏవీఎల్ ఫ్రిజ్‌లో ఉంటే తెల్లగా ముద్ద కడుతుంది. 80 డిగ్రీల దగ్గర కాసేపు, 5 నిమిషాలకు మించకుండా, పెట్టి పూర్తిగా కరిగి గది వేడికి వచ్చాకే వాడాలి. సీరమ్ కలిపాక 10 నిమిషాలు గడియారం చూసి ఉంచండి. రెండో వాష్ తర్వాత కాలమ్‌ను కొత్త ట్యూబులోకి మార్చి ఇంకో నిమిషం పూర్తి స్పీడ్‌లో స్పిన్ చేయండి. కాలమ్ ముక్కుకు వేలాడే ఒక్క చుక్క ఆల్కహాల్ ఎల్యూషన్‌లో దిగితే ఆ వెల్ మొత్తం పాడవుతుంది.

సీరమ్‌ను 56 డిగ్రీల దగ్గర అరగంట వేడిచేసి మొదలుపెట్టే అలవాటు కొన్ని ల్యాబ్‌లలో ఉంది. డెంగీ పీసీఆర్‌కు అది వద్దు. ఏవీఎల్‌లోని గ్వానిడినే వైరస్‌ను నిర్వీర్యం చేస్తుంది. ఆ వ్యర్థం మీద మాత్రం బ్లీచ్ పోయకండి, విషవాయువు వస్తుంది.

వచ్చే వారం నుంచి ఒక్క మార్పు చేసినా చాలా తేడా కనిపిస్తుంది. ఎలైజాకు మూత తీయకముందే 200 మైక్రోలీటర్ల చొప్పున రెండు ఆలికాట్లు (విడి వాటాలు) పక్కన పెట్టేయండి. ఒకటి టైపింగ్‌కు, రెండోది ఫలితం అనుమానంగా ఉంటే తిరిగి చేయడానికి.

జవాబు: నాలుగో ఛానెల్

శాంపిల్ వైపు సీరమ్ ర్యాక్ గారు చెప్పేశారు. నేను మెషీన్ వైపు చెబుతాను. మీరు రాసిన లక్షణాల్లోనే జవాబు ఉంది: డెన్‌వీ-3 కంట్రోల్ కిందే ఆగిపోవడం, ఆ వెల్‌లో మిగతా గీతలు కిందికి జారడం. ఇది రాక్స్ సమస్య.

7500లో పాసివ్ రెఫరెన్స్ (మిగతా రంగులను పోల్చుకునే స్థిరమైన రంగు) డిఫాల్ట్‌గా రాక్స్ అనే డై మీద ఉంటుంది. మీరు వాడిన ఆ వేరే మాస్టర్ మిక్స్‌లో కూడా బహుశా రాక్స్ కలిసే ఉంది. టెక్సస్ రెడ్, రాక్స్ వెలుతురు దాదాపు ఒకే చోట పడతాయి, మెషీన్ రెండింటినీ సరిగ్గా విడదీయలేదు. రాక్స్ రన్ మొత్తం ఒకే స్థాయిలో వెలుగుతుంది కాబట్టి టెక్సస్ రెడ్ బేస్‌లైన్ ఎత్తుకుపోతుంది, డెన్‌వీ-3 నుంచి వచ్చే పెరుగుదల ఆ వెలుతురులో చిన్నగా కనిపిస్తుంది. బలహీనమైన డెన్‌వీ-3 శాంపిల్ అయితే అసలు కనిపించదు. ఇక గీతలు జారడం ఎందుకంటే, సాఫ్ట్‌వేర్ ప్రతి ఛానెల్‌నూ రాక్స్‌తో భాగిస్తుంది. డెన్‌వీ-3 ఉన్న వెల్‌లో టెక్సస్ రెడ్ పెరిగేకొద్దీ రాక్సే పెరిగిందనుకుని మిగతావాటిని తగ్గించి చూపిస్తుంది.

పాత రన్ ఫైల్ తెరిచి పాసివ్ రెఫరెన్స్‌ను "నన్" చేసి మళ్లీ అనలైజ్ చేయండి. మొదటి, రెండో, నాలుగో టైపుల గీతలు చాలావరకు సరిపడతాయి. డెన్‌వీ-3 మాత్రం సరిపడదు, ఎందుకంటే రాక్స్ ట్యూబులోనే ఉంది. రాక్స్ లేని వన్-స్టెప్ మిక్స్ తెప్పించండి. సీడీసీ పద్ధతి అలాంటి మిక్స్ మీదే ఖరారైంది. అది వచ్చేదాకా డెన్‌వీ-3ను వేరే ట్యూబులో ఫామ్ ప్రోబ్‌తో ఒంటరిగా నడపడం ఒక దారి. టైపు రాని ఆ 25లో డెన్‌వీ-3 లేదని ఇప్పటికి మీరు చెప్పలేరు. మీ రన్‌లో మూడో టైపును చూసే కన్ను సగం మూసి ఉంది.

ఇప్పుడు రెండేసి టైపులు. మిశ్రమ ఇన్‌ఫెక్షన్ నిజంగానే ఉంటుంది, మన దేశంలో ఒకే సీజన్‌లో నాలుగు టైపులూ తిరుగుతున్నప్పుడు అది వింత కాదు. కానీ ఆ మాట రాసే ముందు రెండు అబద్ధాలను తీసేయాలి.

మొదటిది రంగు పక్క ఛానెల్‌లోకి కారడం. డెన్‌వీ-1 సీటీ 17 అంటే ఫామ్ వెలుతురు విపరీతంగా ఉంటుంది, దాని తోక హెక్స్ ఛానెల్‌లోకి పడుతుంది. గుర్తుపట్టడం కష్టం కాదు. సీటీ నంబరు చూడకండి, యాంప్లిఫికేషన్ ప్లాట్‌లో ఆ ఒక్క వెల్ ఉంచి రెండు రంగులూ ఒకదాని మీద ఒకటి చూడండి. కారడమే అయితే హెక్స్ గీత ఫామ్ లేచిన సైకిల్‌లోనే కదలడం మొదలవుతుంది, అదే ఆకారంలో, చాలా తక్కువ ఎత్తులో ఆగిపోతుంది. థ్రెషోల్డ్ దాటడం ఆలస్యం కాబట్టి సీటీ వెనకగా చూపిస్తుంది, అంతే. నిజమైన రెండో వైరస్ తన సైకిల్‌లో తాను లేస్తుంది. డెన్‌వీ-1 కంట్రోల్‌ను ఒంటరిగా, బాగా గాఢంగా పెట్టి హెక్స్ ఛానెల్ చూడండి. అక్కడ కూడా గీత లేస్తే మీ డై క్యాలిబ్రేషన్ పాతబడింది, లేదా మెషీన్ హెక్స్‌ను విక్ లేదా జో అనే వేరే డైల క్యాలిబ్రేషన్‌తో చదువుతోంది. మీ నాలుగు శాంపిళ్ల సంగతి ఇదేనని నా అంచనా.

రెండో అబద్ధం కలుషితం. డెన్‌వీ-4 సీటీ 36 దాటి వచ్చిన ఆ రెండూ ప్లేట్‌లో ఎక్కడున్నాయి? పక్కన, పైన, కింద గాఢమైన డెన్‌వీ-4 వెల్ ఉందా? పాజిటివ్ కంట్రోల్ పక్కన ఉన్నాయా? సీడీసీ పద్ధతిలో సీటీ 37 దాటితే పాజిటివ్‌గా తీసుకోరు. 36, 37 మధ్య ఉన్నవి ఒక్క రన్‌తో తేలవు. రెండో ఆలికాట్ నుంచి కొత్తగా ఆర్‌ఎన్‌ఏ తీసి, ఆ ఒక్క టైపు ప్రైమర్లతోనే, డూప్లికేట్‌గా నడపండి. అదే ఆర్‌ఎన్‌ఏను మళ్లీ నడిపితే లాభం లేదు. ఎక్స్‌ట్రాక్షన్‌లో పడ్డ మరక అందులో అలాగే ఉంటుంది.

దీనికి తిరగబడ్డ ముఖం కూడా ఉంది. ఒక టైపు చాలా గాఢంగా ఉంటే ట్యూబులోని ఎంజైమ్, న్యూక్లియోటైడ్లు అదే తినేస్తుంది, బలహీనమైన రెండోది లేవకుండా పోతుంది. అంటే మల్టీప్లెక్స్ లేని మిశ్రమాన్ని చూపించగలదు, ఉన్న మిశ్రమాన్ని దాచగలదు కూడా. అనుమానం గట్టిగా ఉంటే ఒక్కో టైపు విడిగా నడపడమే మార్గం.

ఇక డెన్‌వీ-4 ప్రోబ్ మానేయడం: దయచేసి వద్దు. 2007లో హైదరాబాద్ ప్రాంతంలో అదే టైపు చాలా ఏళ్ల విరామం తర్వాత మళ్లీ బయటపడింది. ఆ రోజు ల్యాబ్‌లో నాలుగో టైపు చూసే ఏర్పాటు లేకపోతే అది "టైపు రాలేదు" అనే వరసలో కలిసిపోయేది. అరుదైనదాన్ని వెతకడానికే ఈ పని పెట్టుకున్నాం. ఒక ప్రోబ్ ఖర్చు కోసం దాన్ని వదులుకోవద్దు.

జవాబు: అగరోస్ 2 శాతం

జెల్ గురించి మాత్రం.

మీరు చేసింది 1992 నాటి లాన్సియోటీ పద్ధతి అనుకుంటున్నాను, వైరస్ జన్యువుల్లో క్యాప్సిడ్–పీఆర్‌ఎం ప్రాంతం. మొదటి రౌండ్‌లో అన్ని టైపులకూ 511 బేస్ పెయిర్లు. రెండో రౌండ్‌లో డెన్‌వీ-1కి 482, డెన్‌వీ-2కి 119, డెన్‌వీ-3కి 290, డెన్‌వీ-4కి 392. ఈ అంకెలు చూస్తే మీ రెండు పలచటి బ్యాండ్ల కథ తెలుస్తుంది.

511కీ 482కీ తేడా 29 బేస్ పెయిర్లే. 1.5 శాతం జెల్ మీద అవి విడిపోవు. మొదటి రౌండ్ ప్రొడక్ట్‌ను పలచన చేయకుండా రెండో రౌండ్‌లో వేస్తే ఆ 511 జెల్ మీద అలాగే కనిపిస్తుంది, దాన్ని డెన్‌వీ-1 అని చదివేస్తాం. అసలు పద్ధతిలో మొదటి ప్రొడక్ట్‌ను ఒకటికి వంద పలచన చేసేది ఇందుకే. 2 నుంచి 2.5 శాతం జెల్, 50 బేస్ పెయిర్ల ల్యాడర్, నెమ్మదిగా రన్. పక్క లేన్‌లో అదే శాంపిల్ మొదటి రౌండ్ ప్రొడక్ట్ పెట్టండి. రెండూ ఒకే వరసలో ఉంటే అది 482 కాదు.

100 దగ్గరిది ఇంకా ప్రమాదం. ప్రైమర్ డైమర్ అక్కడే తిరుగుతుంది. డైమర్ అంచులు చెదిరినట్టు, పొగలాగా ఉంటుంది, నీళ్లు పెట్టిన నెగెటివ్ లేన్‌లో కూడా ఉంటుంది. 119 బ్యాండ్ గీత గీసినట్టు ఉంటుంది, 100 గుర్తుకు కాస్త పైన. ఇంకో చిక్కు, 2 శాతం జెల్‌లో లోడింగ్ డైలోని బ్రోమోఫినాల్ బ్లూ ఇంచుమించు ఇదే చోట పరుగెడుతుంది. యూవీ కింద ఆ రంగు నీడలా పడి నిజమైన డెన్‌వీ-2 బ్యాండ్‌ను కప్పేస్తుంది. డై తగ్గించండి, లేదా ఆరెంజ్-జీ వాడండి, అది ఇంకా ముందుకు పోతుంది.

రాయవచ్చా అని అడిగారు. ఈ జెల్ మీద వద్దు. నిజంగా తేల్చాలంటే 511 ప్రొడక్ట్ శుభ్రంగా వచ్చిన వాటిని సాంగర్ సీక్వెన్సింగ్‌కు పంపండి, ఏ టైపో సందేహం లేకుండా తేలుతుంది.

నెస్టెడ్‌లో మొదటి రౌండ్ ట్యూబు మూత తెరవక తప్పదు. తెరిచిన క్షణంలో కోట్లాది కాపీలు గాల్లోకి, గ్లవ్ మీదికి వస్తాయి. మాస్టర్ మిక్స్ కలిపే గదిలో ఆ పని చేశారంటే తర్వాతి నెల రోజుల ఫలితాలు నమ్మలేం. మిక్స్ గది, శాంపిల్ గది, ప్రొడక్ట్ గది వేర్వేరుగా ఉండాలి. పిపెట్లు, కోట్లు కూడా ఏ గదివి ఆ గదికే. మనిషి ఆ రోజు ప్రొడక్ట్ గదిలోకి వెళ్తే తిరిగి మిక్స్ గదికి రాకూడదు. ఇంత స్థలం లేని ల్యాబ్ రియల్-టైమ్‌కే పరిమితం కావడం మంచిది.

జవాబు: ఫీవర్ వార్డ్

వార్డు వైపు నుంచి ఒక సందేహం, ఒక మనవి. టైప్ 2 ప్రమాదకరమని బంధువులు ఎక్కడో చదివి వస్తున్నారు, రిపోర్టులో టైపు కనబడితే ఐసీయూ అడుగుతున్నారు. టైపును బట్టి వైద్యం మారదు కదా? అలాంటప్పుడు రోగి చేతికిచ్చే కాగితం మీద టైపు ఉండాలా?

రెండోది, 6వ రోజు తర్వాత వచ్చిన రోగులకు ఐజీఎంతో టైపు చెప్పే పద్ధతి ఏమైనా ఉందా?

జవాబు: సీరమ్ ర్యాక్

డాక్టర్ గారూ, వైద్యం మారదు. మీరు చూసేది కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మగత, కాలేయం పెరగడం, ప్లేట్‌లెట్లు పడుతుండగా హెమటోక్రిట్ లేవడం. టైపు ఏదైనా ఇవే ప్రమాద సూచనలు. మనిషికి ముప్పు పెంచే విషయాల్లో పెద్దది, ఇది అతనికి వేరే టైపుతో వచ్చిన రెండో డెంగీ కావడం. మొదటిసారి తయారైన యాంటీబాడీలు కొత్త టైపును ఆపలేక, దానికి అంటుకుని కణాల్లోకి తేలికగా తీసుకుపోతాయి. కాబట్టి "టైప్ 2 కాబట్టి ఐసీయూ" అనడం తప్పు, "టైప్ 1 కాబట్టి ఫరవాలేదు" అనడం అంతకంటే పెద్ద తప్పు. టైపింగ్ ఫలితం రావడానికి రోజులు పడుతుంది, దాని కోసం ఏ నిర్ణయమూ ఆగకూడదు. రోగి కాగితం మీద డెంగీ పాజిటివా కాదా అన్నది చాలు. టైపు జిల్లా నిఘా అధికారికి, పై ల్యాబ్‌కు పోవాలి. ఊళ్లో నిన్నటిదాకా లేని టైపు దిగిందని ముందుగా తెలిస్తే వార్డులో పడకలకు, ఫ్లూయిడ్‌లకు సిద్ధం కావచ్చు. దాని విలువ అక్కడ.

ఐజీఎం ఎలైజా టైపు చెప్పదు. నాలుగు టైపుల మీదా కలిసి పనిచేసేలానే అది తయారైంది. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ యాంటీబాడీలు కూడా కొంత అడ్డొస్తాయి. ప్లాక్ రిడక్షన్ న్యూట్రలైజేషన్ అనే పద్ధతి ఉంది. మొదటిసారి డెంగీ వచ్చి కోలుకున్నవారి సీరమ్‌లో అది టైపును చూపగలదు. రెండోసారి వచ్చినవాళ్లలో పాత టైపు మీదే యాంటీబాడీ ఎక్కువ లేచి దారి తప్పిస్తుంది. జిల్లా ల్యాబ్‌లో పెట్టుకునే పని కూడా కాదు, బతికున్న నాలుగు వైరస్‌లు, సెల్ కల్చర్ కావాలి. 6వ రోజు దాటిన రోగి విషయంలో టైపు దొరకదని ఒప్పుకోవడమే నిజాయితీ. మీరు మాకు చేయగల గొప్ప సాయం ఏమిటంటే, జ్వరం వచ్చిన మొదటి 4 రోజుల్లో కనిపించినవారి రక్తం ఆ పూటే తీయించి పంపడం.

మైక్రోబెంచ్

అందరికీ కృతజ్ఞతలు. చెప్పినవి ఒక్కొక్కటే చూశాం. టైపు రాని 25లో తేదీలు పెట్టి చూస్తే 11 శాంపిళ్లు 6వ రోజు, ఆ తర్వాత తీసినవి. ఐదు ఆకుపచ్చ మూత ట్యూబులు, క్యాజువాలిటీ నుంచి వచ్చినవి. మిగిలినవి 9. ఫ్రీజర్ ఫ్రాస్ట్-ఫ్రీయే. మాస్టర్ మిక్స్ కరపత్రంలో రాక్స్ ఉందని రాసి ఉంది, మాకే కనబడలేదు.

డెన్‌వీ-1, 2 కలిసి వచ్చిన నాలుగింట్లోనూ హెక్స్ గీత ఫామ్‌తో కలిసే లేస్తోంది. డెన్‌వీ-2, 4 వచ్చిన రెండింట్లో ఒకటి పాజిటివ్ కంట్రోల్ పక్క వెల్. అదృష్టవశాత్తు దానికి వేరే ఆలికాట్ ఉంది, కొత్తగా తీసి నడిపితే డెన్‌వీ-2 ఒక్కటే వచ్చింది. రెండోదానికి సీరమ్ మిగల్లేదు.

ఇప్పుడు వీటిని ఎలా నమోదు చేయాలి? టైపు రాని వాటిని డెన్‌వీ-2లో కలిపేయమని ఒక సూచన వచ్చింది, ఎక్కువ అదే కాబట్టి.

జవాబు: నాలుగో ఛానెల్

కలపవద్దు. టైపు రానివాటిలో ఏముందో తెలియదు, పైగా ఈ రన్‌లో డెన్‌వీ-3 సరిగ్గా కనబడలేదు. అంటే రానివాటిలో మూడో టైపు ఎక్కువగా ఉండే అవకాశమే ఉంది. వాటిని డెన్‌వీ-2లో వేస్తే మెషీన్ చేసిన తప్పు జిల్లా లెక్కగా మారుతుంది.

పట్టికలో మూడు వరసలు పెట్టండి. పరీక్షించినవి 46, టైపు తేలినవి ఇన్ని, తేలనివి ఇన్ని. శాతాలు టైపు తేలినవాటి మీదే కట్టండి, పక్కన ఆ సంఖ్య కూడా రాయండి. డెన్‌వీ-1, 2 నాలుగూ డెన్‌వీ-1 కిందికి పోతాయి, కాకపోతే డెన్‌వీ-2 ఒంటరి రియాక్షన్ నెగెటివ్ అని చూశాకే. సీరమ్ మిగలని ఆ ఒక్కటి: డెన్‌వీ-2 పాజిటివ్, డెన్‌వీ-4 నిర్ధారించలేదు. మిశ్రమం అని రాయకండి.

టైపు రానివాటికి మాట ఇలా ఉండాలి: "డెంగీ వైరస్ ఆర్‌ఎన్‌ఏ కనిపించలేదు. ఎన్‌ఎస్1 పాజిటివ్. జ్వరం మొదలైన తేదీ ఇది, శాంపిల్ తీసిన తేదీ ఇది. ఈ ఫలితం డెంగీ లేదని చెప్పదు." హెపారిన్ ఐదింటికి నెగెటివ్ అని కూడా రాయకూడదు, "శాంపిల్ ఈ పరీక్షకు పనికిరాదు" అని రాయాలి. మిగిలిన 9కి ముందు పలచన చేసిన ఆర్‌ఎన్‌ఏతో ఒకసారి, రాక్స్ లేని మిక్స్ వచ్చాక ఒకసారి నడపండి. అప్పటికీ రానివాటిని ఐస్‌లో కాకుండా డ్రై ఐస్‌లో, మూడు పొరల ప్యాకింగ్‌తో, యూఎన్ 3373 లేబుల్ వేసి దగ్గరి వీఆర్‌డీఎల్‌కు (వైరస్ పరిశోధన, నిర్ధారణ ల్యాబ్) పంపవచ్చు. ముందు ఫోన్ చేసి వాళ్లు ఏ రోజు తీసుకుంటారో కనుక్కోండి. శుక్రవారం సాయంత్రం బయల్దేరిన డబ్బా సోమవారం దాకా ఎక్కడో కూర్చుంటే లోపల డ్రై ఐస్ మిగలదు.

కొత్త మిక్స్ అందగానే రోగి శాంపిళ్లు పెట్టకండి. మొదటి రన్‌లో నాలుగు కంట్రోళ్లూ విడివిడిగా, ఒక్కొక్కటి గాఢంగా ఒకసారి, ఒకటికి వెయ్యి పలచనలో ఒకసారి, మొత్తం 8 వెల్‌లు. వాటి మధ్య ఒకటి విడిచి ఒకటి నీళ్లు, అది ఇంకో 8. పాసివ్ రెఫరెన్స్ "నన్" అని సేవ్ చేసిన టెంప్లేట్‌తోనే తెరవండి. ప్రతి గాఢమైన వెల్‌లో మిగతా మూడు రంగులూ నేలకు అంటుకుని ఉండాలి, నీళ్ల వెల్‌లు 45 సైకిళ్లూ చదునుగా ఉండాలి. ఆ ప్లాట్ ఫొటో ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాం.